తిన్న విస్తరి ఎత్తువారెవరు?

మన పల్లెలలో విందునకు వచ్చిన అతిథి భోజనానంతరము తన విస్తరి తానెత్తబోయినచో ఇంటివారు వారించుట మర్యాద. "మీరు లేవుడు, మేము తీసెదము" అని చేయి పట్టుకొందురు. కాని పిలువని యింటికి పోయి, అడుగక కూర్చుండి, కడుపార తిని, ఎంగిలి విస్తరిని నట్టింట విడిచి వచ్చువానిని ఏమనవలెను? వానికి అతిథియను పేరు చెల్లదు. నేడు నల్లగొండ, మహబూబునగరు సీమల గుట్టలకును అడవులకును మోటారు చక్రములపై పోవుచున్నవారిలో అనేకులు ఈ రెండవ తెగకు చేరినవారే యని విచారముతో వ్రాయవలసి వచ్చినది.

ఆదివారము తెల్లవారకమునుపే హైదరాబాదునుండి మోటారుసైకిళ్ళ గుంపులు రాచకొండ దారి పట్టుచున్నవి. తారురోడ్డును విడిచి, రాళ్ళును వాగులును గల బండ్లబాటలపై సాగు ఈ వినోదమునకు ఆఫ్‌రోడ్డు సవారియని పేరు. దీనిని మేము నిందింపము. వారమంతయు నగరపు గదులలో యంత్రముల యెదుట కూర్చుండి నడుము వంగిన యువకుడు ఒకదినము కొండగాలి పీల్చుట మంచిదే. సాహసము నెరుగని జాతి యే కార్యమునకును పనికిరాదు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని భువనగిరి బండపై ఎక్కుట నేర్చిన మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, పదమూడేండ్ల ప్రాయమున, ఎవరెస్టు శిఖరముపై నిలిచినది. మన రాతిగుట్టలు ధైర్యమునకు పాఠశాలలు. ఆ పాఠశాలను పెంటకుప్ప చేయుటయే మా యభ్యంతరము.

రాచకొండ సామాన్యస్థలము కాదు. 14వ శతాబ్దిలో రేచెర్ల పద్మనాయకులకు రాజధానియైన దుర్గమది. రసార్ణవసుధాకరమును రచించిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలిన గడ్డ యది. నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినను, అది మన నల్లగొండ చరిత్రలోని తొలిపుటలలో ఒకటి. సున్నము లేక పేర్చిన ఆ రాతి ద్వారముల నీడలో నేడు మద్యపు సీసాల పెంకులు, నీటిసీసాలు, బిర్యానీ పొట్లములు, రంగురంగుల చిరుతిండి సంచులు కనబడుచున్నవి. గొల్లపిల్లవాడు చెప్పులు లేని కాళ్ళతో మేకలను తోలుకొనిపోవు బాటలో గాజుపెంకు పరచినవాడు ఏ శత్రుసైన్యమునకును తీసిపోడు.

ఇక దక్షిణమున నల్లమల. పూర్వపు మహబూబునగరు జిల్లాలోనిదై, 2016 నుండి నాగరుకర్నూలు జిల్లాలో చేరిన అమ్రాబాదు అడవి 2015లో ప్రత్యేకముగ పులుల రక్షితారణ్యమైనది. గర్భప్రాంతమును అంచుప్రాంతమును కలిసి దాని విస్తీర్ణము సుమారు 2,611 చదరపు కిలోమీటర్లు. దానిలో కొంతభాగము నల్లగొండ జిల్లాలోనికి వచ్చియున్నది. అనగా మన రెండు సీమలకు ఉమ్మడి సొత్తు. ఈ అడవి నడుమ లోతైన లోయలో సలేశ్వరము కలదు. ఏటేట చైత్రపౌర్ణమికి అచ్చట లింగమయ్య జాతర జరుగును. పూజారులు చెంచులు. శ్రీశైలము దారిలోని ఫర్హాబాదు వద్ద అడవిలోనికి మరలి, రాంపూరు పెంట వరకు జీపులును, ట్రాక్టరులును, మోటారుసైకిళ్ళును దుమ్మురేపుచు పోవును. అటుపిమ్మట రాళ్ళలో దిగుచు కాలినడక. ఆ కొలది దినములలో వేలకొలది జనము ఒక్క ఇరుకుదారిలో పోయివత్తురు. భక్తులు వెడలిపోవుదురు, వారి సీసాలు, సంచులు, పళ్ళెములు మాత్రము స్వామికడ నిలిచిపోవును.

ఈ చెత్త చేయు కీడు కంటికి కనబడు అసహ్యముతో తీరునది కాదు. ఉప్పుకారములు అంటిన ప్లాస్టికు సంచిని ఉప్పునకై వెదకు దుప్పియు కడితియు నమలి మ్రింగును. అది కడుపులో అరుగదు, బయటికి రాదు. ఆహారపు వాసనకు కోతులును అడవిపందులును బాటకు అలవాటుపడును. ఎండకాలపు ఆకురాలిన అడవిలో ఆర్పని బీడీముక్క యొకటి చాలును, గుట్టకు గుట్ట మండుటకు. జ్యేష్ఠమాసపు తొలివాన పడగనే బాటపైని చెత్త వాగులో పడును. వాగు కృష్ణలో పడును. ఆ కృష్ణ నీటినే మన పట్టణములు త్రాగుచున్నవి. కావున అడవిలో పారవేసితిమి, మనకేమి యనుకొనువాడు తన కుండలోనే ఉమియుచున్నాడు.

చక్రము చేయు కీడు వేరొకటి. బురద తప్పించుకొన ఒకడు బాట అంచునుండి పోవును. వాని వెనుక పదిమంది పోవుదురు. మూడడుగుల బాట ముప్పదియడుగులగును. గడ్డి చచ్చిన నేలపై టైరు గీచిన గాడి వాననీటికి కాలువ యగును. మూడేండ్లలో అది కోతపడి బండకూడ పోజాలని గండి యగును. అప్పుడు సవారులు మరియొక క్రొత్తబాట తీయుదురు. ఇది బాటను వాడుకొనుట కాదు, తినివేయుట.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ యెంగిలి విస్తరులను నేడెవరు ఎత్తుచున్నారు? జాతర ముగిసిన పిమ్మట ఆ భారము అటవీశాఖ కింది ఉద్యోగులపైనను, ఆ శాఖలో కావలి పనులు చేయు చెంచులపైనను పడుచున్నది. ఈ చెంచులెవరు? 1943లో హైమండార్ఫు పండితుడు వీరిని గూర్చి గ్రంథము ప్రకటించునాటికే ఈ అడవిని తరతరములుగ తమ యిల్లు చేసికొని, గడ్డలు త్రవ్వుచు, తేనె తీయుచు బ్రతుకుచున్నవారు. వారి పెంటలలో ప్లాస్టికు పుట్టలేదు, సీసా పుట్టలేదు. పులుల రక్షణకై చెంచులను గర్భప్రాంతమునుండి తరలింపవలెనను మాట ఏండ్లతరబడి వినబడుచున్నది. ఎంత విపరీతము! అడవిని పాడుచేయని వానిని అడవినుండి పొమ్మందుము. పాడుచేయువానికి దారి విడుతుము. పైగా వాడు పారవేసినదానిని ఆ చెంచుచేతనే ఎత్తింతుము.

పాఠకులారా, దీనికి మన తెలంగాణమున ఒక పాతపేరున్నది. ఒకరి సుఖమునకు మరియొకని వీపు వంచుటను మన పెద్దలు వెట్టియనిరి. ఆ వెట్టిని పెకలింప పోరాడిన ఆంధ్రమహాసభ తన రెండవ సమావేశమును 1931లో మన నల్లగొండ జిల్లా దేవరకొండలోనే జరిపినది. దాని కధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారు మహబూబునగరు సీమలో పుట్టిన న్యాయవాది. వెట్టిని నేడు రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించుచున్నది. చెంచు కావలివానికి కూలి ముట్టుచున్నదికదా, ఇది వెట్టి యెట్లగునని న్యాయస్థానమున వాదింపవచ్చును. ఆ వాదము నెగ్గవచ్చును. కాని కూలి యిచ్చినంతమాత్రమున మన యెంగిలి అతని ధర్మము కానేరదు. శాసనమునకు దొరకని వెట్టి మనస్సాక్షికి దొరకును.

అందుచేతనే ఆ బాటలపై పోవువారే, ఆ బాటలను శుభ్రపరచు స్వచ్ఛంద శ్రమదానదినము నేర్పరుపవలెనని మేము కోరుచున్నాము. శ్రమదానము దయ కాదు, అప్పు తీర్చుట. ఈ మాట మరచినచో ఆ దినము ఫొటోలు దిగు పండుగగా మారును.

కొందరి ఆక్షేపణలకు ఇచ్చటనే సమాధానము చెప్పెదము. "మేము పన్ను చెల్లించుచున్నాము, గేటువద్ద రుసుము చెల్లించుచున్నాము, శుభ్రపరచుట ప్రభుత్వపు పని" అందురు. రుసుము అడవిలోనికి పోవుటకే కాని పారవేయుటకు కాదు. ప్రభుత్వము చేయవలసినది ప్రభుత్వముచేత చేయింతము. కాని ప్రతి సవారివెంట ఒక చీపురువానిని పంపజాలు ప్రభుత్వము లోకమున లేదు. 1901లో కలకత్తా కాంగ్రెసునకు పోయిన గాంధీజీ అచ్చటి మరుగుదొడ్ల దుర్గంధమును చూచి, అది పాకీవారి పనియని స్వయంసేవకులు చెప్పగా, తానే చీపురడిగి పుచ్చుకొనెను. స్వరాజ్యమునకు అదియు ఒక పునాదిరాయియే.

"సవారినే నిషేధింపుడు" అను మరికొందరు కలరు. పులుల గర్భప్రాంతమున వినోదసవారికి హక్కు ఎవ్వరికిని లేదు. జాతరబాట భక్తికై తెరచునది కాని పందెములకై కాదు. ఈ విషయమున మేము రాజీపడము. కాని రాచకొండవంటి గుట్టలలో పూర్వమునుండి ఉన్న బండ్లబాటలపై, అనుమతి గలచోట, క్రమముగ పోవువానిని అడ్డగించుటవలన అడవికి ఒక కావలివాడు తగ్గును. ప్రేమించినవాడే కాపాడును, చూడనిదానిని ప్రేమించుట కష్టము. అమెరికా అటవీశాఖ 1985లో 'ట్రెడ్ లైట్లీ', అనగా మెల్లగ అడుగిడుము, అను ప్రచారమును ఇట్టి వాహనసవారుల కొరకే ప్రారంభించినది. ఉన్న బాట విడువకుము, తెచ్చినది తీసికొనిపొమ్ము అనునవి దాని సారము. సవారులను శత్రువులుగ గాక కావలివారుగ మార్చుట సాధ్యమేయని దీనివలన గ్రహింపవచ్చును.

"ఒక్కనాటి ఊడ్పువలన ఏమగును?" అను మూడవ ఆక్షేపణ బలమైనది. సిద్ధత లేనిచో నిజముగ ఏమియు కాదు. ఎస్తోనియా యను చిన్నదేశమును చూడుడు. దాని జనసంఖ్య సుమారు 13 లక్షలు. 2008 మే 3వ తేదీన అచ్చట సుమారు 50,000 మంది స్వచ్ఛందముగ బయలుదేరి ఒక్కదినమున సుమారు 10,000 టన్నుల చెత్తను అడవులనుండియు దారులనుండియు తీసివేసిరి. అందలి రహస్యము ఆ దినమున లేదు. అంతకుముందు నెలలలో ప్రతి చెత్తకుప్పను వెదకి పటముపై గుర్తించుటలో ఉన్నది. 2011 జనాభాలెక్కలలో మన పూర్వపు రెండు జిల్లాల జనము 75 లక్షలు. వేయిమందికొక్కడు లేచిరాడా?

మనకు మరింత దగ్గరి దృష్టాంతము శబరిమల. అదియు పెరియారు పులుల రక్షితారణ్యమందున్న క్షేత్రమే. మన జిల్లాలనుండి ఇరుముడితో పోవు స్వాములెందరో! అచ్చట 2011లో కేరళ పోలీసువారు 'పుణ్యం పూంకావనం' అను కార్యమును ఆరంభించి, వచ్చిన ప్రతి భక్తుని ఒక్కగంట సన్నిధానమును శుభ్రపరచుటకు వినియోగింపుమని కోరిరి. శబరిమలలో చేయగలిగినది సలేశ్వరమున ఎందుకు చేయరాదు? లింగమయ్యకు కొబ్బరికాయ కొట్టుటతోబాటు ఒక గోనెసంచి చెత్తను మోసికొని పైకెక్కుటయు మ్రొక్కుబడిలో చేర్చవచ్చును.

ఇక కార్యక్రమము. రాచకొండకు కార్తికమాసపు వనభోజనములు ముగిసిన పిమ్మట మార్గశిరములో మొదటి ఆదివారమును, సలేశ్వరమునకు జాతర ముగిసిన వారములోపల, తొలివానకు ముందు, ఒక దినమును నిర్ణయింపవలెను. అటవీశాఖాధికారినుండి వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఒక్కడును అడుగుపెట్టరాదు. అనుమతి యడుగునప్పుడే ఎందరు వత్తురో, ఎచ్చట ఆగుదురో వ్రాసియీయవలెను. సలేశ్వరపు విషయమున పెంటల పెద్దలను ముందుగ కలిసి, వారు చూపినట్లు నడువవలెను. దారి చూపుటకు వచ్చిన చెంచులకు కూలి చెల్లింపవలెను. వారిచేత చెత్త ఎత్తింపరాదు. ఈ నియమము తప్పినచో కార్యమంతయు వ్యర్థము.

రెండువారముల ముందుగ నలుగురు పోయి కుప్పలున్న తావులను పటముపై గుర్తించి రావలెను. ఆ దినమున పదిమంది కొక జట్టు, జట్టున కొక పెద్ద. మందపు చేతితొడుగులు, మడమలు మూయు చెప్పులు, పొడవాటి పట్టకారులు, గాజునకు వేరుగ గట్టి సంచులు కావలెను. రాళ్ళక్రింద, ఆకులక్రింద వట్టిచేయి పెట్టరాదు. తేలును పామును మన సేవ నెరుగవు. రాలిన ఆకులను ఊడ్వరాదు. అది చెత్త కాదు, అడవికి ఎరువు. చెత్తను తగులబెట్టరాదు, పాతిపెట్టరాదు. పాట, కేక, లౌడుస్పీకరు వలదు. ప్రొద్దు వాలకముందే అందరును బయటికి రావలెను.

సవారులకు ముఖ్యమైన నియమ మొకటి. ఆ దినమున మోటారుసైకిళ్ళను గేటు వెలుపలనే నిలిపి కాలినడకన పోవలెను. సంచులు మోయుటకు ఒక్క ట్రాక్టరు చాలును. వేగముగ పోవువానికి బాట ఒక గీత. నడచువానికి అది ఒక గ్రామము. దుప్పి డెక్కలు, చీమలపుట్ట, తాను కోసిన గాడి, తన స్నేహితుడు విసరిన సీసా, ఇవన్నియు దిగి నడచినప్పుడే కనబడును.

తెచ్చిన చెత్తను రకములుగ విడదీసి, తూచి, పుస్తకమున వ్రాయవలెను. నీటిసీసాలెన్ని, మద్యపుసీసాలెన్ని, ఏయే కంపెనీల సంచులెన్ని యను లెక్క తప్పక కావలెను. లెక్కలేని సేవ వారమునకే మరపునకు వచ్చును. పిదప పురపాలకసంఘపు పొడిచెత్త కేంద్రమునకు ఒప్పగించి రసీదు తీసికొనవలెను. ఈ లెక్కను మన పట్టణముల గ్రంథాలయములలో గోడపై అతికింపవలెను. వస్తువు తయారుచేసిన కంపెనీకి దాని ప్లాస్టికు విషయమున బాధ్యత కలదని 2016 నాటి ప్లాస్టికు చెత్త నియమములును వాని సవరణలును చెప్పుచున్నవి. ఆ లెక్కను చేతబట్టి ఆయా కంపెనీలకు జాబులు వ్రాయుటకు మా న్యాయవాదిమిత్రులలో పదిమంది రుసుము లేక ముందుకు వత్తురని మా నమ్మకము.

శాసనము మనవద్ద లేకపోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము 27వ సెక్షను నాలుగవ ఉపసెక్షను అభయారణ్యపు నేలపై చెత్తవేయుటను నిషేధించుచున్నది. పులుల రక్షితారణ్యములకును అది వర్తించును. 1976లో రాజ్యాంగమున చేర్చిన 51ఎ అధికరణము అడవులను, చెరువులను, నదులను, వన్యప్రాణులను కాపాడుట పౌరుని విధియని చెప్పుచున్నది. అమ్రాబాదులో ప్లాస్టికు నిషేధము ప్రకటింపబడియున్నది. కాని శాసనము చీపురు పట్టదు. దానిని చేతబట్టు పౌరుడు లేనిచో అది బీరువాలోని గ్రంథమే.

ఒక చిన్న యుపాయమును ప్రభుత్వమునకు విన్నవించెదము. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో 2022 నుండి మద్యపుసీసాపై 10 రూపాయలు అదనముగ తీసికొని, ఖాళీసీసా తిరిగి తెచ్చినవానికి ఆ సొమ్ము తిరిగి యిచ్చుచున్నారు. అడవిలో విసరివేయుటకు వెనుదీయనివాడు కూడ పది రూపాయలకు వంగును. ఫర్హాబాదు గేటువద్ద నీటిసీసాలను లెక్కించి, సొమ్ము డిపాజిటుగ ఉంచుకొని, తిరుగుదారిలో సీసా చూపినవానికి తిరిగియిచ్చు పద్ధతిని వచ్చు జాతరకు పెట్టరాదా? మనవంతుగ మనము సద్దిమూటను గుడ్డలో కట్టుకొని, మోదుగాకు విస్తరిలో తిని, నీటికి లోహపుసీసా పట్టుకొనిపోవచ్చును. మన తాతలు తిరుణాలకు పోయినది అట్లేకదా! ఇది వెనుకకు పోవుట కాదు. మరచిన మర్యాదను మరల తెచ్చుకొనుట.

చివరకు ఒక్కమాట. నల్లగొండ జిల్లా లంబాపురము, పెద్దగట్టులలో యురేనియము త్రవ్వకము వలదని 2003లో మన ప్రజలు లేచిరి. 2019లో నల్లమలను రక్షింపుడని రాష్ట్రమంతయు ఒక్కగొంతుకయై పలికినది. ఆ యేడు సెప్టెంబరు 16వ తేదీన శాసనసభయే ఆ త్రవ్వకమునకు వ్యతిరేకముగ తీర్మానించినది. నాడు "నల్లమల మాది" అని మనమంటిమి. మాది యన్నవానికి అడవిపై హక్కుతోబాటు చాకిరియు కలదు. రేపు మరియొక కంపెనీ వచ్చి, "మీరు సీసాలతోను సంచులతోను నింపిన ఈ నేలను మేము త్రవ్వినచో మీకేమి నష్టము?" అని యడిగినచో మన నోట ఏ మాట వచ్చును? చెత్త నెత్తిన చేతికే ఆ ప్రశ్నకు బదులు చెప్పు బలముండును.

కావున గ్రంథాలయ పాఠకులును, కళాశాల విద్యార్థులును, మోటారుసైకిలు సంఘములవారును, న్యాయవాదులును తమతమ ఊళ్ళలో పదేసిమందిగ జట్టులు కట్టుడు. పేర్లు వ్రాసికొనుడు, అటవీశాఖకు అర్జీలు పెట్టుడు, సంచులు కుట్టించుడు. అడవిలో మనకు విస్తరి వేసినవాడు చెంచు. దానిని ఎత్తవలసినవాడు తిన్నవాడే.